మామ్మగారి నీడ హార్మోనియం

నూటయాభై మంది కూర్చున్న హాలుని ఒక్క క్షణంలో లేపి నిలబెట్టిన ఘనత నాది. లేచి చప్పట్లు కొట్టారనుకునేరు. లేదు, భయపడి లేచారు. ముందువరసలో ఒక పెద్దాయన తన చెప్పు అనుకుని పక్కావిడ చేతిసంచీలో కాలు పెట్టి, సంచీతో సహా గుమ్మందాకా వెళ్లాడు. ఒకావిడ నేలమీద సాగిలపడి దండం పెట్టింది. ఎవరి పిల్లలో ఇద్దరు మాత్రం "మళ్లీ, మళ్లీ" అని గెంతారు. అంత గొప్పగా ఏం వాయించానా అని అడక్కండి. ఆ సమయానికి నేను స్టేజీ మీద, చీకట్లో, పట్టుచీర కట్టుకుని మోకాళ్ల మీద పాకుతున్నాను.

ఇదంతా ఎవరిమీదో కోపంతో చేసింది కాదు. చాలా ప్రేమగా, ఇరవై రోజులు కష్టపడి చేశాను. కోపంతో చేసి ఉంటే ఇంత బాగా కుదిరేది కాదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. మా చుట్టుపక్కల ఉద్యోగం రానివాళ్లందరూ చేసే పనే నేనూ చేశాను. అశోక్‌నగర్‌లో ఒక స్టడీ హాల్లో కుర్చీ సంపాదించి గ్రూప్స్ పరీక్షలకి చదవడం మొదలుపెట్టాను. రోజూ పొద్దున్నే చిక్కడపల్లి నుంచి పుస్తకాల సంచీ మోసుకుంటూ నడిచి వెళ్లేదాన్ని. ఎంత చదివానో నేను చెప్పక్కర్లేదు, ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

చిక్కడపల్లిలో మేం కిరాయికి ఉండే ఇంటి ఓనరు అనసూయమ్మగారు. కింద ఆవిడ, పైన మేం. ఆవిడది గుడివాడ వైపు. పెళ్లై ఈ ఊరొచ్చి నలభై ఏళ్లు దాటినా మాటలో గుడివాడ చెక్కుచెదరలేదు. మా నాన్న పుట్టి పెరిగింది రాంనగర్‌లో. ఆవిడ "అలాగేనండీ" అంటే ఈయన "గట్లనే అమ్మా" అనేవాడు. ఇద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు. మా చుట్టాల ఇళ్లలో నానమ్మ, అమ్మమ్మ అంటారు గానీ మామ్మ అనరు. ఆ పిలుపు నాకు మూడేళ్లప్పుడు ఆవిడే నేర్పింది. అప్పటినుంచీ ఆవిడ నాకు మామ్మగారే.

మామ్మగారికి డెబ్భై ఏళ్లు. ఆవిడ ప్రాణం హార్మోనియంలో ఉంటుంది. శనివారం సాయంత్రం వరండాలో పన్నెండు మంది ఆడవాళ్లు చేరి భజన చేస్తారు, వాళ్లలో మా అమ్మ ఒకతి. అందరూ తలో శ్రుతిలో మొదలుపెట్టేవారు. మామ్మగారి హార్మోనియం వాళ్లందరినీ ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినట్టు ఒకే చోటికి తెచ్చేది. మా అమ్మని తీసుకురావడానికి కాస్త ఎక్కువసేపు పట్టేది.

అలాంటి మామ్మగారు ఒకరోజు నారాయణగూడలో కూరలు కొనుక్కుని ఆటో దిగుతూ పడింది. కుడి మణికట్టు విరిగింది. మోచేతిదాకా పిండికట్టు వేసి, ఆరు వారాలు కదపకూడదన్నాడు డాక్టరు. వాళ్ల భజన మండలి వార్షికోత్సవం నాలుగు వారాల్లో ఉంది.

హార్మోనియం సంగతి మీకు తెలిసే ఉంటుంది. కుడిచెయ్యి మెట్లు నొక్కుతుంది, ఎడమచెయ్యి వెనక తిత్తి కొడుతుంది. "ఎడమచేత్తో మెట్లు నొక్కండి మామ్మగారూ, తిత్తి మా నాన్న కొడతడు" అన్నాను. మా నాన్న రిటైరైన ఆర్టీసీ ఉద్యోగి, ఏ పనైనా మనసుపెట్టి చేస్తాడు. సైకిల్ ట్యూబులోకి గాలి కొట్టినంత దీక్షగా తిత్తి కొట్టాడు. హార్మోనియం ఒకసారి గుర్రంలా సకిలించి, ఒకసారి దగ్గి, మెల్లగా ముక్కు చీదింది. మామ్మగారి ఎడమచేతి వేళ్లు స దగ్గర బయల్దేరి రి వెతుక్కుంటూ ప దాకా వెళ్లాయి.

"దీనికి నలభై ఏళ్లుగా గాలి కొట్టడమే నేర్పానే సుధా" అంది ఎడమచేతిని చూసుకుంటూ. "ఇప్పుడు పాట వాయించమంటే పాపం ఏం చేస్తుంది?"

మండలి సెక్రటరీ విమలక్క ఆ రోజు అక్కడే ఉంది. ఆమె ఏ సమస్యా నిమిషంకంటే ఎక్కువసేపు మిగలనివ్వదు.

"మామ్మగారు, మీరు జర పరేషాన్ గాకుండ్రి. మా పిల్లగాడు ఫోన్ల మ్యూజిక్ ట్రాక్‌లు ఎక్కించి ఇస్తనన్నడు. బటన్ ఒత్తితే అదే మోగుతది."

"మనం ఎక్కడైనా ఆగితే అదీ ఆగుతుందా విమలా?"

"అదెందుకు ఆగుతది? మనమే దాని ఎంబడి ఉరకాలె."

మామ్మగారు నవ్వింది. "అయితే మీరు పాడండమ్మా. నేను కింద కుర్చీలో కూర్చుని వింటాను" అంది. అందరూ వెళ్లాక, హార్మోనియానికి తన పాత పట్టుచీర ముక్కొకటి కప్పి, ఒంటిచేత్తో దాని మూలలు సరిచేసింది. పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు. నేను మెట్లమీద నిలబడి చూశాను. అక్కడే నాకు పట్టుకుంది.

నాకు ఏదైనా పట్టుకుంటే జ్వరం లాంటిది. మందు లేదు, దిగేదాకా ఆగాలి.

మర్నాడు స్టడీ హాల్లో పంచాయతీరాజ్ చట్టం ముందేసుకుని కూర్చున్నాను. మా హాల్లో ఒక లైటు ఉండేది. చీకటి పడగానే దానంతటదే వెలుగుతుంది. గోడమీద వేలిగోరంత బిళ్ళ ఒకటి ఉంటుంది, దానికి వెలుతురుకీ నీడకీ తేడా తెలుసు. పట్టపగలు లైటు కావలసినప్పుడు మేం ఆడపిల్లలం దానిమీద చెయ్యి అడ్డం పెట్టేవాళ్లం. పాపం అది రాత్రయిందనుకుని లైటు వేసేది. ఆ రోజు చెయ్యి అడ్డం పెట్టింది నేనే. లైటు వెలిగింది. నా బుర్రలో కూడా.

ఈ బిళ్ళ చేత లైటు వెలిగించగలిగితే, పాట పాడించలేమా? ఎనిమిది బిళ్ళలు, ఎనిమిది స్వరాలు. దేనిమీద నీడ పడితే ఆ స్వరం మోగుతుంది. నొక్కక్కర్లేదు, వేళ్లు కదపక్కర్లేదు. పిండికట్టు వేసిన చెయ్యికైనా నీడ ఉంటుంది కదా!

పంచాయతీరాజ్ చట్టం మూసి కోఠి బస్సు ఎక్కాను. ఆ చట్టాన్ని తర్వాత ఇరవై రోజులపాటు నేను తెరవలేదు.

కావలసిన సామాను కోఠిలో దొరికింది. పెట్టెకి చెక్క కావాలి. ఇల్లంతా వెతికితే నున్నగా, దిట్టంగా, నాకోసమే చేసినట్టు ఒక చెక్క బీరువా వెనక కనిపించింది. కోసేశాను. ఎనిమిది కన్నాలు పెట్టాక మా నాన్న వచ్చాడు.

"ఏంది బిడ్డా ఇది?"

"వాయిద్యం నాన్నా. మామ్మగారికి."

"అది కాదు. గీ చెక్క ఏంది?"

"బీరువా ఎనకాల ఉండె."

"అది నా క్యారమ్ బోర్డు."

ఆ బోర్డు మీదే ఆయన ఒకప్పుడు డిపో పోటీలో గెలిచాడట. నేను ఆ గెలిచిన చోటే రిషభానికి కన్నం పెట్టాను.

"మామ్మగారికేనా?" అన్నాడు చివరికి.

"మామ్మగారికే."

"గట్లైతే మంచిగ చెయ్యి. అంచులు గరుకున్నయి, ఆమెకు గుచ్చుకుంటది" అని తనే గరుకు కాగితం తెచ్చి అంచులు రుద్దడం మొదలుపెట్టాడు. మా నాన్న అలాంటివాడు. రుద్దుతూ రుద్దుతూ ఒక ప్రశ్న అడిగాడు.

"ఔ గని సుధా, మరి నడుమల కరెంటు పోతే?"

"పోయినా ఏం గాదు నాన్నా" అన్నాను గర్వంగా. "లోపల బ్యాటరీ పెడ్తున్న. దీన్ని ఎవరూ ఆపలేరు."

చూశారా? డిగ్రీ లేని మనిషి సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అడిగాడు. డిగ్రీ ఉన్న మనిషి వేరే ప్రశ్నకి జవాబు చెప్పింది. కరెంటు పోతే పెట్టెకి ఏమవుతుందని కాదు, హాల్లో వెలుతురుకి ఏమవుతుందని ఆలోచించాలి. ఆ సంగతి నాకు ఆ రోజే తట్టి ఉంటే మీరిప్పుడు ఇది చదువుతూ ఉండేవారు కాదు.

స్వరాలు ఎక్కడివి పెట్టాలి? కంప్యూటర్లో దొరికే హార్మోనియం చప్పుడు విని మామ్మగారు "ఇది ఎవరి హార్మోనియమో, దీనికి ఇల్లూ వాకిలీ లేదు" అంది. అందుకని ఆవిడ హార్మోనియం మీద కప్పిన పట్టుగుడ్డ తీసి, మా నాన్న తిత్తి కొడుతుంటే నేనే ఒక్కొక్క మెట్టూ నొక్కి ఎనిమిది స్వరాలూ రికార్డు చేశాను. మా నాన్నకి అప్పటికి కొంచెం చెయ్యి తిరిగింది. హార్మోనియం సకిలించడం మానేసింది.

మొదటిసారి వాయించిన రోజు బాగా గుర్తుంది. మధ్యాహ్నం వరండాలో ట్యూబ్‌లైటు వేసి, దాని కింద పెట్టె పెట్టి, వైరు ఒక చిన్న స్పీకరుకి కలిపాను. మామ్మగారు పిండికట్టు చెయ్యి మెల్లగా చాపింది. ఆ చేతి నీడ మొదటి కన్నం మీద పడింది. 'స' అని మోగింది. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. ఆగిపోయింది. మళ్లీ చాపింది. రెండో కన్నం, మూడో కన్నం. ఆరో దాని దగ్గర ఆగి తల పక్కకి వాల్చి వింది.

"ఇది నాదేనే! ఈ 'ద' చూడు, కొంచెం జలుబు చేసినట్టు ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా దానికా జలుబు తగ్గలేదు."

కళ్లు తుడుచుకోవడానికి ఎడమచెయ్యి ఎత్తింది. ఆ చేతి నీడ పడి 'ని' మోగింది. ఇద్దరం నవ్వాం, ఆ నవ్వుకి ఊగి ఇంకో రెండు స్వరాలు మోగాయి.

వారంలో ఆవిడ ఎంత బాగా వాయించిందంటే, అద్దంలో చూసుకుంటే నేనొక శాస్త్రవేత్తలా కనపడటం మొదలుపెట్టాను. చిన్న చిన్న చిక్కులు రాలేదా అంటే వచ్చాయి. వరండా గ్రిల్లు మీద పావురాలు వాలతాయి. ఒకటి రెక్కలు ఆడిస్తూ ట్యూబ్‌లైటు ముందు నుంచి పోతే పై 'స' నుంచి కింది 'స' దాకా గబగబా దిగిపోయేది. "దీనికి మీ అమ్మకంటే శ్రుతి బాగుంది" అని నాకొక్కదానికే వినపడేటట్టు అంది మామ్మగారు. ఒకరోజు ఫ్యాను వేస్తే రెక్కల నీడ పడి స్వరాలన్నీ చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. ఫ్యాను ఆపి, విసనకర్ర తెచ్చుకున్నాం. దాన్ని కూడా దూరంగా ఉండి విసరాలి.

అసలు తప్పు రిహార్సల్ రోజు చేశాను. పెట్టె ఆపే స్విచ్చి ముందువైపు ఉండేది. భజన మంచి ఊపులో ఉండగా విమలక్క తాళం వేస్తూ ముందుకి వంగింది, ఆమె గాజులు తగిలి స్విచ్చి ఆగింది. పాట నూతిలో పడ్డట్టయింది.

"అయ్యో, పానం ఇడిసింది!" అంది విమలక్క. "సుధా, స్టేజి మీద గిట్ల గావొద్దు. నా ఇజ్జత్ పోతది."

"గాదక్కా. ఇంక ఎవరి చెయ్యీ తగలకుంట చేస్త."

మాట నిలబెట్టుకున్నాను. స్విచ్చి తీసుకెళ్లి పెట్టె లోపల పెట్టాను. పైన మూత పెట్టి ఎనిమిది స్క్రూలు బిగించాను. ఎవరి గాజులూ, ఎవరి కొంగూ, సాక్షాత్తూ నా చెయ్యి కూడా తగలకుండా భద్రం చేశాను. వార్షికోత్సవం రోజు పొద్దున పెట్టె ఆన్ చేసి, మూత బిగించి, స్క్రూడ్రైవర్ ఫ్రిజ్ మీద జాగ్రత్తగా పెట్టి బయల్దేరాను.

హాలు నారాయణగూడలో ఒక బిల్డింగు సెల్లార్లో ఉంది. కిటికీల్లేవు. పావురాలు రావని సంతోషపడ్డాను. పగలు పదకొండింటికి కార్యక్రమం. స్టేజీ మీద లైట్లు ధగధగలాడుతున్నాయి. పెట్టె వైరు హాలు సౌండుకి కలిపి, ఆ లైట్ల వెలుగు ఎనిమిది కన్నాల మీదా పడేటట్టు పెట్టెని జరిపాను. మామ్మగారు నెమలికంఠం రంగు చీర కట్టుకుని, పిండికట్టుకి కూడా అదే రంగు గుడ్డ చుట్టించుకుని వచ్చి కూర్చుంది.

మొదటి భజన అయ్యేసరికి హాలు చప్పట్లతో మోగింది. ఆవిడ చేతులు గాల్లో అలా తేలుతుంటే పాట పుడుతోంది. "ఏం ముట్టుకోకనే ఎట్ల మోగుతుందో!" అని వెనక ఎవరో అన్నారు. మా నాన్న వెనక్కి తిరిగి "మా బిడ్డె చేసింది" అన్నాడు. కాసేపాగి అడక్కపోయినా పక్కవరసకి కూడా చెప్పాడు. రెండో భజన, మూడో భజన. నేను స్టేజీ పక్కన నిలబడి, వార్తాపత్రికలో నా ఫోటో ఏ మూల వెయ్యాలో ఆలోచిస్తున్నాను.

అప్పుడు ముఖ్య అతిథి వచ్చారు.

రంగనాథంగారు రిటైరైన పెద్ద ఆఫీసరు. ఇప్పుడు చుట్టుపక్కల అందరికీ ధ్యానం నేర్పుతారు. మంచి మనిషి. ఆయన తప్పల్లా ఆరడుగుల పైన ఎత్తుండటం, ఎదుటివాళ్లకి వంగి నమస్కారం చెయ్యడం. మామ్మగారి ముందుకొచ్చి వంగారు. ఆయన నీడ సగం పెట్టె మీద పడింది. 'బోఁయ్' మని నాలుగు స్వరాలు ఒకేసారి మోగాయి. ఆయన గబుక్కున నిటారుగా నిలబడ్డారు. నిశ్శబ్దం. చుట్టూ చూసి మళ్లీ వంగారు. 'బోఁయ్.' లేచారు. నిశ్శబ్దం.

"ఏమిటమ్మా అది?" అన్నారు.

"స్వాగతం చెప్తోందండీ" అంది మామ్మగారు తొణక్కుండా.

ఆయన ఎంతో మురిసిపోయి, దానికి కూడా వంగి నమస్కారం పెట్టారు. ఈసారి ఆరు స్వరాలు.

తర్వాత విమలక్క శాలువా కప్పింది, ఆయన మైకు పుచ్చుకున్నారు.

"భజన బయటి సంగీతం. చాలా బాగుంది. కానీ ప్రతి మనిషి లోపలా ఒక నాదం ఉంది. బయటి గోలలో మనకది వినపడదు. చీకటిలో, మౌనంలో వినపడుతుంది. ఇప్పుడు రెండు నిమిషాలు మనందరం ప్రయత్నం చేద్దాం. కళ్లు మూసుకోండి. తమ్ముడూ, లైట్లు ఆపేయ్."

చివర బోర్డు దగ్గరున్న సౌండ్ అన్నకి చెప్పారు ఆ మాట. ఆ అన్న లైట్ల స్విచ్చులన్నిటిమీదా చెయ్యి పెట్టాడు. నేను స్టేజీ పక్కనే నిలబడి ఉన్నాను. చీకటి అంటే ఏమిటి? ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద నీడ. ఆ ముక్క నాకు సరిగ్గా అప్పుడు తట్టింది.

"అన్నా, వద్దూ!" అని అరవడానికి నోరు తెరిచాను. లైట్లు ఆరిపోయాయి. అన్న తలుపు తీసుకుని చాయ్‌కి వెళ్లిపోయాడు.

చీకట్లో రంగనాథంగారి గొంతు మెల్లగా వినిపించింది. "లోపలికి చూడండి... వినండి... ఇప్పుడు వస్తుంది..."

వచ్చింది.

ఎనిమిది స్వరాలూ, జలుబు చేసిన 'ద' తో సహా, ఒకేసారి, నాలుగు పెద్ద స్పీకర్లలోంచి వచ్చాయి. రైలింజను ఇంట్లోకొచ్చి దారి అడిగినట్టుంది. సెల్లారు గోడలు దాన్ని ఇటునుంచి అటు విసిరి మళ్లీ పట్టుకున్నాయి. కుర్చీలు పడుతున్నాయి. "భూకంపం!" అని ఒకరు, "గ్యాస్ సిలిండర్!" అని ఒకరు, "కాదు, సామి వచ్చిండు!" అని ఒకరు. విమలక్క మాత్రం "సుధా! ఏడున్నవే సుధా! నా ఇజ్జత్!" అని కేకలు పెడుతోంది.

నేను మోకాళ్ల మీద పాకుతూ పెట్టె దగ్గరికి వెళ్లాను. స్విచ్చి కోసం తడిమాను. నున్నటి క్యారమ్ చెక్క తగిలింది. దానికి ఎనిమిది స్క్రూలు తగిలాయి. చిక్కడపల్లిలో మా ఫ్రిజ్ మీద తళతళలాడుతున్న స్క్రూడ్రైవర్ నా కళ్ల ముందు మెదిలింది. పోనీ వైరు పీకుదామని నేలమీద వెతికి, దొరికినదాన్ని బలంకొద్దీ లాగాను. అది రంగనాథంగారి మైకు వైరు. "భయపడకండి, భయప..." అంటున్న ఆ ఒక్క గొంతు కూడా ఆగిపోయింది. పెట్టె మాత్రం ఆగలేదు. దాన్ని ఎవరూ ఆపలేరని చెప్పాను కదా.

ఇంతలో నా భుజం మీద ఒక బరువైన చెయ్యి పడింది. పిండికట్టు.

"సుధా, ఏడవకు" అంది మామ్మగారు నా చెవి దగ్గర నోరు పెట్టి. నేను ఏడుస్తున్నానని నాకప్పటిదాకా తెలియదు. "దీనికి కావలసింది వెలుగే కదా? నీ ఫోనులో దీపం ఉందిగా, ఇటు తే."

ఎలక్ట్రానిక్స్ ఇంజినీరుని నేను. నాకు తట్టలేదు. ఫోను టార్చి వేసి పెట్టె పైన పట్టుకున్నాను. ఎవరో గొంతు నొక్కినట్టు అంత గోలా టక్కున ఆగింది. హాలంతా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినపడింది.

నేను ఇంక లేచి పారిపోదామనుకుంటున్నాను. మామ్మగారు నా మోచెయ్యి వదల్లేదు.

"ఆ దీపాన్ని కొంచెం కుడికి జరుపు. ఇంకొంచెం. ఆఁ, అక్కడ ఉంచు. కదిలావంటే చంపేస్తాను."

వెలుగు ఏడు కన్నాల మీద పడింది. మొదటిది ఒక్కటే చీకట్లో మిగిలింది. ఆ ఒక్క 'స' నిండుగా, నిలకడగా మోగడం మొదలుపెట్టింది. ఆవిడ హార్మోనియం 'స', నలభై ఏళ్లుగా పన్నెండు మందిని ఒక చోటికి తెచ్చిన 'స'. దాని మీద మామ్మగారు గొంతు విప్పింది. మైకు లేదు, లైట్లు లేవు. ఆవిడ ఎప్పుడూ వాయించేదే గానీ ఒంటరిగా పాడగా నేను వినలేదు. ముసలి గొంతు, అక్కడక్కడా జీర ఉంది, అయినా దారి తప్పలేదు. రెండో చరణానికి మండలి అందుకుంది. మా అమ్మ కూడా మొదటిసారే శ్రుతిలో కలిసింది. తర్వాత కింద ఉన్నవాళ్లు. పడిపోయిన కుర్చీలు చీకట్లో మెల్లగా లేచి నిలబడుతున్న చప్పుడు, మనుషులు మళ్లీ కూర్చుంటున్న చప్పుడు.

నేను ఫోను పట్టుకుని బొమ్మలా ఉన్నాను. చెయ్యి లాగేస్తోంది. ముక్కు కారుతోంది. తుడుచుకుంటే నీడ పడుతుంది. అంత చక్కటి పాటని అంత అవస్థలో విన్న మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు ఉండరు.

పాట అయ్యేసరికి సౌండ్ అన్న చాయ్ తాగి వచ్చి లైట్లు వేశాడు. కాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత ఆపలేదు. చేతిసంచీలో కాలు పెట్టిన పెద్దాయన దాన్ని పట్టుకునే చప్పట్లు కొట్టాడు.

రంగనాథంగారు మామ్మగారి దగ్గరికి వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో తెగిన వైరుతో మైకు ఇంకా అలాగే ఉంది. నేను కాళ్లమీద పడిపోవడానికి సిద్ధపడ్డాను.

"అమ్మా" అన్నారాయన తగ్గు గొంతుతో. "ముప్ఫై ఏళ్లుగా ధ్యానం చేస్తున్నాను. లోపల నాదం వినిపిస్తుందని అందరికీ చెప్తాను. నిజం చెప్పాలంటే నాకెప్పుడూ వినిపించలేదు. ఇవాళ వినిపించింది. నాకొక్కడికేనా, మీకూ వినిపించిందా?"

నేను నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పటికే స్టేజీ ఎక్కిన మా నాన్న నా కాలు తొక్కి, "ఊకో బిడ్డా. పెద్దమనిషి సంబురపడ్తున్నడు" అన్నాడు పళ్లమధ్య నుంచి.

మామ్మగారు అబద్ధం ఆడదు. ఒక్క క్షణం ఆలోచించింది.

"వినిపించిందండీ" అంది. "నాకే కాదు. పైన రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్లకి కూడా వినిపించే ఉంటుంది."

"అంత దూరమా!" అని ఆయన రెండు చేతులూ జోడించి, ఇంకోసారి వంగి, ఇంకోసారి 'బోఁయ్' మనిపించి వెళ్లిపోయారు.

అయ్యా, అమ్మా, ఇంతదాకా ఓపిగ్గా చదివిన మీ అందరి ముందు ఒక ప్రమాణం చేస్తున్నాను. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటల సాక్షిగా, నా ఇంజినీరింగ్ డిగ్రీ సాక్షిగా, అది పనికిరాకపోతే మా నాన్న సహనం సాక్షిగా, చీకటి పడితే నోరు తెరిచే వాయిద్యాన్ని ఈ జన్మలో మళ్లీ చెయ్యను. ఈ మాట ఆ సాయంత్రమే మామ్మగారి ముందు కూడా అన్నాను. ఆవిడ పూర్తిగా విని, తల ఊపి, "మంచిదే. అయితే అది వచ్చే శనివారం నుంచి మొదలుపెట్టు" అంది. "ముందు దీనికి ఇంకో నాలుగు కన్నాలు పెట్టి కోమల స్వరాలు వెయ్యి. అవి లేకుండా సగం పాటలు రావు."

అందుకని ప్రమాణం వచ్చే శనివారం నుంచి.